మేనకోడలికి, పట్టుగూళ్ల సంగతి

మదనపల్లె



ఫోటోనిక్స్‌లో పాలిమర్ మెటామెటీరియల్స్ మీద పనిచేయబోతున్నానని రాశావు. చాలా సంతోషం అమ్మీ. నేలకు హాని చేయని పాలిమర్ ఏది పట్టుకోమంటావు మామా అని అడిగావు. పట్టు అంటాను. మనూరి మీద అభిమానంతోనే అంటున్నాననుకోకు, కారణాలున్నాయి.

మెటామెటీరియల్ గుణం చాలావరకు దాని అల్లికలో ఉంటుంది. 1898లోనే జగదీశ్ చంద్ర బోస్ మెలితిప్పిన జనపనార కట్టల గుండా మైక్రోతరంగాలు పంపి, వాటి ధ్రువణ తలం తిరుగుతుందని చూపించాడు. భౌతిక శాస్త్రవేత్త వెసెలాగో రుణ వక్రీభవనం గురించి రాసింది చాలా తర్వాత, 1967లో. జనపనారలో ఉండే సెల్యులోజ్ కూడా పాలిమరే కదా! బోస్ పేపరు సంపాదించి చదువు.

ఇక పట్టు. గూళ్లను సోడా నీళ్లలో ఉడికించి జిగురు తీస్తే ఫైబ్రాయిన్ మిగులుతుంది. ఆ జిగురు తీసే పని మనూరి నీరుగట్టువారిపల్లె పట్టు నేతగాళ్లకు కొత్త కాదు. ఫైబ్రాయిన్‌ను లిథియం బ్రోమైడ్‌లో కరిగించి, లవణాన్ని కడిగేసి, పలచగా పోసి ఆరబెడితే అద్దంలాంటి పొర వస్తుంది. అమెరికాలో టఫ్ట్స్ యూనివర్సిటీకి చెందిన ఒమెనెట్టో, కాప్లాన్‌ల బృందం దీన్ని వెలుగు పనులకు వాడింది. 2010లో పట్టుపొర మీద బంగారు ఆకృతులు దిద్ది టెరాహెర్ట్జ్ మెటామెటీరియల్ కూడా చేశారు.

ఇక్కడ జాగ్రత్త. పట్టు మట్టిలో కుళ్లి కలిసిపోతుంది, బంగారమూ లిథియం లవణమూ అలా కుళ్లవు. లవణాన్ని తిరిగి రాబట్టి ఎన్నిమార్లు వాడగలవో కొలిచి థీసిస్‌లో రాయి. ఆ లెక్క లేకుండా పర్యావరణహితం అనే మాట వాడొద్దు.

పట్టు వక్రీభవన గుణకం 1.54 దగ్గర, సిలికాన్‌ది 3.5 దగ్గర. చిప్పుల మీద వెలుగును ఇరుకు దారుల్లో నడిపించే పనిలో సిలికాన్‌తో పోటీకి దిగకు. పట్టు తేమ పీల్చి ఉబ్బుతుంది. కటకానికి అది దోషం, తేమను రంగుమార్పుతో పట్టిచూపే సెన్సార్‌కు అదే ప్రాణం. పదార్థం బలహీనత ఎక్కడ పనికొస్తుందో అక్కడ సమస్యను ఎంచుకో.

నాకు బాగా ఆశ పుట్టించేది చల్లదనం. 2017లో కొలరాడోలో పాలిమర్ పొరలో గాజు గోళికలు చల్లి, వెనక వెండి పూత పూశారు. నడినెత్తిన ఎండలోనూ చదరపు మీటరుకు 93 వాట్ల వేడిని అది ఆకాశంలోకి పంపేసింది. 2021లో చైనా పరిశోధకులు అల్యూమినియం ఆక్సైడ్ నానోకణాలు పట్టించిన పట్టుబట్టను పగటిపూట గాలికంటే సుమారు 3.5 డిగ్రీలు చల్లగా ఉంచారు. కరెంటు అక్కర్లేదు. మన మార్కెట్‌యార్డులో టమోటా క్రేట్లు ఎండలో ఎలా ఉంటాయో నువ్వు చూసినదే.

గూళ్లకు పుంగనూరు, కుప్పం వైపు రైతుల దగ్గరికి వెళ్లు. చిల్లుపడ్డవీ మరకపడ్డవీ అడుగు. రీలింగ్‌కు తెగని దారం కావాలి, నీకు అక్కర్లేదు. వాటికి న్యాయమైన ధర ఇవ్వు. ఏ జాతి పురుగు, ఏ పంట, ఎంతసేపు ఉడికించావు, అన్నీ రాసుకో. ఉడికే సమయం పెరిగేకొద్దీ ఫైబ్రాయిన్ గొలుసులు తెగి పొర పెళుసవుతుంది.

మేలో రా. మన మిద్దె మీద ఒక పెట్టెకు నీ పట్టుపొర కప్పుదాం, పక్కనే మరో పెట్టెకు మామూలు తెల్ల టార్పాలిన్. రెంటిలోనూ టమోటాలు పెట్టి, దుమ్ము తుడవకుండా వారం పాటు ఉష్ణోగ్రత రాద్దాం. థర్మామీటర్లు నేను తెప్పిస్తాను.

నీ మామయ్య