సైఫను పొర్లుదారి - చేపల తొట్టెకు ఒక ఆశ్రయము

కొల్లేటి సీమలో పుట్టి పెరిగినవారికి నీటి రాకపోకలను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. తమ్మిలేరు, బుడమేరు మున్నగు ఏరుల నీటిని, కృష్ణా గోదావరీ డెల్టాల మురుగునీటిని తనలో చేర్చుకొని ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతమునకు పంపునది కొల్లేరు. అందలి తుంగ, నాచు, తామర నీటిలోని పోషకములను పీల్చుకొనును. చేపపిల్లలకు మరుగు నిచ్చును. ఈ ధర్మమునే గాజుతొట్టెకు అన్వయించినచో అది 'రెఫ్యూజియం', అనగా ఆశ్రయపు తొట్టె యగును. పై తొట్టె నుండి ఈ ఆశ్రయమునకు నీటిని దింపు సైఫనును ఆరంభించుట, కాపాడుట ఎట్లో ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

చేపల విసర్జనము వలన నీటిలో అమ్మోనియా చేరును. బాక్టీరియా దానిని మొదట నైట్రైటుగను, పిమ్మట నైట్రేటుగను మార్చును. ఈ నైట్రేటును నీటి మొక్కలు ఆహారముగ గ్రహించును. కాని చేపలున్న తొట్టెలోనే మొక్కలను, డాఫ్నియా వంటి సూక్ష్మప్రాణులను పెంచినచో చేపలు వానిని తినివేయును. కనుకనే వానికి క్రింద వేరొక తొట్టె అవసరము. పై తొట్టె నీరు తనంతట క్రిందికి దిగవలెను; పంపు దానిని మరల పైకి చేర్చవలెను.

తొట్టె అడుగున రంధ్రము చేయుట సులభము కాదు; గాజు పగులు ప్రమాదము కలదు. అందువలన అంచు మీదుగా నీటిని దాటించు సైఫనును వాడుదురు. ఇది క్రొత్త విద్య కాదు. తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదు నగరమందలి బనూ మూసా సోదరులు తమ యంత్రముల గ్రంథమున సైఫనును పలువిధముల వినియోగించిరి. మన కాలువలపై సైఫనులని వ్యవహరింపబడు కట్టడములు వేరు. ఎనికేపాడు వద్ద బుడమేరు ఏలూరు కాలువ క్రిందుగా సాగిపోవును; అచ్చట గాలిని తీయు పని లేదు. మన గొట్టము నీటిని పైకెత్తి దించునది. దాని వంపులో గాలి చేరినచో ప్రవాహము నిలిచిపోవును.

అమరిక

తొట్టె లోపల ఒక చిన్న పెట్టెను, వెలుపల మరియొక పెట్టెను తగిలింపవలెను. లోపలి పెట్టె అంచు అలుగు వంటిది. తొట్టెలో నీరు ఆ మట్టము దాటినప్పుడే పెట్టెలోనికి పొర్లును. వెలుపలి పెట్టెలో నీరు దిగు గొట్టమును నిలువుగ అమర్చి, దాని నోరు అలుగు కంటె కొంచెము క్రిందుగ నుండునట్లు చూడవలెను. రెండు పెట్టెలను కలుపు వంపు గొట్టము యొక్క రెండు కొనలు ఆ నోటి కంటెను క్రిందుగ మునిగి యుండవలెను. ఇందలి కిటుకు ఇదియే. విద్యుత్తు పోయి పంపు ఆగినను పెట్టెలలో నీరు నిలిచియుండును, కొనలు బయటపడవు, గాలి చొరబడదు. విద్యుత్తు రాగానే ప్రవాహము తనంతట సాగును.

ఆరంభము

మొదట రెండు పెట్టెలను నీటితో నింపవలెను. వంపు గొట్టమును బకెట్టులో ముంచి, గాలి యంతయు పోయిన పిదప రెండు కొనలను బొటనవ్రేళ్లతో మూసి, పెట్టెలలో దింపి వ్రేళ్లు తీయవలెను. లేదా సన్నని గొట్టమును వంపు శిఖరము వరకు చొప్పించి, సిరంజితో గాలిని లాగివేయవచ్చును. వంపులో బుడగ లేదని చూచిన తరువాతనే పంపును నడుపవలెను.

సంరక్షణ

నీటిలో కరగియున్న గాలి చిన్న చిన్న బుడగలుగ వెలువడి శిఖరమున చేరును. గొట్టము మరీ లావైనచో నీరు మందముగ నడచి బుడగలను ఈడ్చుకొనిపోలేదు. కనుక ప్రవాహమునకు తగిన గొట్టమునే ఎంచుకొనవలెను. వంపును నిత్యము చూచుచు, చేరిన గాలిని సిరంజితో తీయవలెను. గొట్టము లోపలి నాచును, జిగురును బ్రష్షుతో తోమవలెను. నత్తలు, ఆకులు చొరకుండ అలుగునకు జల్లెడ కట్టవచ్చును. అదియు పూడిపోవును గనుక దానిని గూడ కడుగుచుండవలెను.

ఇక రెండు లెక్కలు తప్పనిసరి. తొట్టె పొడవు 90 సెం.మీ., వెడల్పు 40 సెం.మీ. అనుకొందము. పంపు ఆగినపుడు మట్టము 2 సెం.మీ. తగ్గినచో 7.2 లీటర్లు క్రిందికి దిగును. గొట్టములలోని నీటిని గూడ కలిపి క్రింది తొట్టెలో అంతకు మించిన ఖాళీ ఉంచవలెను. రెండవది, సైఫను తెగినను పంపు ఆగదు. పై తొట్టెలో నీటి మట్టమునకు పైన 5 సెం.మీ. ఖాళీ యున్నచో అందు పట్టునది 18 లీటర్లే. కావున పంపు ఉండు అరలో అంతకంటె తక్కువ నీరే ఉండవలెను. అప్పుడు అర ఎండిపోవునే గాని గది మునుగదు. పంపునకు నీరు లేనపుడు దానంతట ఆగు స్విచ్చి యుండుట మేలు.

నీటికి పోవుదారి, నిలుచుటకు చోటు - ఈ రెండును లేక ఏ జలాశయమును నిలువదు. కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యముగను, 2002లో రాంసార్ చిత్తడినేలగను గుర్తింపు పొందినది. సరస్సులో వెలసిన చేపల చెరువుల గట్లను 2006లో తొలగించిరి. అయినను 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచి, కొల్లేటి లంకలను సైతము నీటిలో నిలిపినది. ఉప్పుటేరు పూడినచో, సరస్సు ఇరుకైనచో కలుగు ఫలము గాజుతొట్టెలోనే చూపవచ్చును.

రెండు తొట్టెలు, కొన్ని గొట్టములు, ఒక చిన్న పంపు ఉన్నచో భౌతిక, జంతు, వృక్షశాస్త్ర విద్యార్థులు ముగ్గురును కలిసి నేర్చుకొనదగిన ప్రయోగమిది. కళాశాల ప్రయోగశాలలో దీనికొక మూల దొరకునట్లు కమిటీ పెద్దలు యోచింతురని, విద్యార్థి మిత్రులు ఆసక్తితో ముందుకు వత్తురని ఆశించుచున్నాము.