మేస్త్రీ పుస్తకంలో మీ పేరుందా?

తెలుగు రాష్ట్రాల్లో అడ్డా మీద నిలబడి తట్టపనికి వెళ్లే ఆడవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలివి. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత చట్టాల పేర్లు పోయాయిగానీ కింద చెప్పిన హక్కులు పోలేదు.

కూలి మా ఇద్దరిదీ కలిపి మా ఆయన చేతికే ఇస్తారు. పుస్తకంలో నా పేరే ఉండదు. ఇది సరైనదేనా?

కాదు. మిగతా ప్రశ్నలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది కాబట్టి దీన్ని ముందు పెట్టాను. రేపు మీ కాలుమీద సెంట్రింగ్ చెక్క పడితే, "మొగుడికి అన్నం తెచ్చిందండీ, మా కూలీ కాదు" అని మేస్త్రీ అనడానికి ఎంతసేపు? మీ కూలి మీ చేతికో, మీ ఖాతాకో రావాలి. మేస్త్రీ రాయనంటే మీరే రాసుకోండి: ఏ తేదీ, ఎక్కడ, ఎవరి కింద, ఎంత ఇచ్చారు. రాయడం రాకపోతే బడికెళ్లే పిల్లల చేత రాయించండి. ఫోన్‌పేలో పడ్డ డబ్బు, సైటులో తీసుకున్న ఫొటో కూడా సాక్ష్యాలే.

మగకూలి ఎక్కువ, ఆడకూలి తక్కువ. అడగొచ్చా?

తాపీ పట్టే మేస్త్రీకి ఎక్కువివ్వడం తప్పు కాదు, అది వేరే పని. కానీ కింద మాలు కలిపే మగమనిషికి, ఆ మాలే నెత్తినెత్తుకుని రెండో అంతస్తు ఎక్కే మీకు తేడా పెట్టకూడదు. 1976 నాటి సమాన వేతన చట్టం చెప్పిందీ, ఇప్పటి వేతనాల కోడ్ చెప్పేదీ అదే: ఒకే రకం పనికి ఆడ మగ తేడా చూపకూడదు. "బరువు పనులు మగవాళ్లవి" అంటారు. నాగార్జునసాగర్ ఆనకట్టకు రాళ్లు మోసినవాళ్లలో ఆడవాళ్లు లేరా?

ఒక్కరే అడిగితే మర్నాడు పనికి పిలవరు. ఆ భయం ఉత్తదేం కాదు. అందుకే అడ్డాలో అందరూ ఒకే రేటు చెప్పాలి. యూనియన్ ద్వారా లేబర్ ఆఫీసులో ఫిర్యాదూ ఇవ్వొచ్చు. అన్నట్టు, ఆడమనిషి తాపీ పట్టకూడదని ఏ చట్టమూ అనలేదు. ఇరవై ఏళ్లు తట్ట మోసినా తాపీ చేతికివ్వకపోవడం మన అలవాటు, అంతే.

నాకు ఈ-శ్రమ్ కార్డుంది. లేబర్ కార్డు వేరేనా?

వేరే. ఈ-శ్రమ్ 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ నమోదు. లేబర్ కార్డు ఇచ్చేది రాష్ట్ర భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు. వయసు 18–60 మధ్య ఉండాలి, గడిచిన 12 నెలల్లో 90 రోజులు ఈ పని చేసుండాలి. మీ ఆయనకు ఉన్నా మీరు విడిగా తీసుకోండి. కాన్పు సాయం, ప్రమాద సాయం లాంటివి ఈ కార్డు మీదే వస్తాయి. తెలంగాణలో కాన్పుకు 30,000 రూపాయలు, రెండు కాన్పుల వరకు. ఇది ఎవరూ దయతలచి ఇచ్చేది కాదు. కట్టడం ఖర్చులో 1 శాతం సెస్సుగా వసూలు చేసిన డబ్బు. గడువు దాటకుండా రెన్యువల్ చేయించడం మరవకండి.

పిల్లను ఇసుక కుప్ప మీద కూర్చోబెట్టి పనిచేస్తున్నాను.

1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలో 50 మందికి మించి ఆడకూలీలుంటేనే శిశు సంరక్షణ గది పెట్టాల్సి ఉండేది. కొత్త కోడ్‌ల ప్రకారం మగవాళ్లనూ లెక్కలో కలుపుతారు కాబట్టి పెద్ద సైటుల్లో గట్టిగా అడగొచ్చు. నలుగురైదుగురు పనిచేసే ఇల్లు కట్టే పనిలో మాత్రం ఈ చట్టం మీకు అక్కరకు రాదు. దగ్గర్లోని అంగన్‌వాడీయే దిక్కు.

మరుగుదొడ్డి?

ఆడవాళ్లకు విడిగా ఉండాల్సిందే. దొడ్డి లేదని పొద్దంతా నీళ్లు మానేయకండి.

మేస్త్రీ చెయ్యి వేస్తున్నాడు. చెబితే పనిపోతుంది.

పనిచోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం అడ్డా కూలీలకూ వర్తిస్తుంది. పదిమంది కంటే తక్కువున్న చోట, లేదా పని ఇచ్చినవాడే తప్పు చేసినప్పుడు, జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వాలి. గడువు మూడు నెలలు. రాయలేకపోతే కమిటీయే రాయించాలి. 181కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

దెబ్బ తగిలితే "నువ్వు మేస్త్రీ మనిషివి, మాకు సంబంధం లేదు" అంటోంది కంపెనీ.

సంబంధం ఉంది. మధ్యలో మేస్త్రీ ఉన్నా, తన వ్యాపారంగా పని చేయించే కంపెనీ పరిహారం బాధ్యత తప్పించుకోలేదు. 2014 జూన్‌లో చెన్నై దగ్గర మౌలివాక్కంలో కడుతున్న భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లినవాళ్లు. ఊరు దాటి వెళ్లేటప్పుడు మేస్త్రీ పేరే కాదు, కంపెనీ పేరు, సైటు చిరునామా ఇంట్లో రాసిపెట్టి వెళ్లండి. ఆసుపత్రిలో చేర్చినవాళ్లు "ఇంట్లో జారిపడింది" అని చెబుతుంటే ఊరుకోకండి. పనిలో పడ్డానని చీటీలో రాయించండి.