మస్టర్ రాసే ఉద్యోగానికి వెళ్తున్నారా? గంటల లెక్క నేర్చుకోండి

తిరుమలాయపాలెం, పిండిప్రోలు, సుబ్లేడు నుంచి డిగ్రీ చేసి ఖమ్మంలో పని వెతుక్కునే పిల్లలకు ఈ మాట. గ్రానైట్ ఫ్యాక్టరీ అయినా, పత్తి జిన్నింగ్ మిల్లు అయినా మస్టర్ చూసే మనిషి కావాల్సిందే. బయోడేటాలో ‘ఎంఎస్ ఆఫీస్ వచ్చు’ అని అందరూ రాస్తారు. నైట్ షిఫ్ట్ గంటలు కట్టి చూపించమంటే మాత్రం చాలామంది తడబడతారు.

ఎక్సెల్ లెక్కలో ఒక రోజు అంటే 1. గంట అంటే అందులో 24వ వంతు. ఇది పట్టుబడితే మిగతాది సులువే. బి2లో వచ్చిన టైమ్, సి2లో వెళ్లిన టైమ్ వేసి తీసేస్తే పగటి షిఫ్ట్ తేలిపోతుంది. రాత్రి 10కి ఎక్కి పొద్దున 6కి దిగినవాళ్ల దగ్గర జవాబు మైనస్‌లోకి పోయి గడి నిండా హ్యాష్ గుర్తులు పడతాయి. అక్కడ =మాడ్(సి2-బి2,1) అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి, 8 గంటలు వస్తాయి. కొత్తగూడెం బొగ్గు గనుల్లో, సారపాక కాగితం మిల్లులో రాత్రి షిఫ్ట్ రోజూ ఉండేదే. ఈ ఒక్క ఫార్ములా రాకపోతే అక్కడ లెక్క ముందుకు సాగదు.

రోజుకు 8:30 చొప్పున ఆరు రోజులు కూడితే 51 గంటలు రావాలి. గడిలో 3:00 కనిపిస్తుంది! 24 దాటిన ప్రతిసారీ గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది మరి. ఫార్మాట్‌లో గంటల గుర్తును చదరపు బ్రాకెట్లలో పెడితే 51:00 అని చూపిస్తుంది.

కూలి కట్టేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. 8:30 అంటే 8.30 కాదు, 8.5. గంటకు 80 రూపాయలనుకుంటే 8.30తో 664, 8.5తో 680. రోజుకు 16 రూపాయలు కార్మికుడి జేబులోంచి పోయినట్టే. అందుకే కూలితో గుణించే ముందు టైమ్‌ను 24తో గుణించి, ఆ గడిని నంబర్ ఫార్మాట్‌లోకి మార్చాలి.

ఓవర్‌టైమ్ సంగతి: 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచీ వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు కూలి ఇవ్వాలి. 24తో గుణించిన వారం గంటలు ఎఫ్2లో ఉంటే =మ్యాక్స్(0,ఎఫ్2-48) చాలు.

కంప్యూటర్ లేకపోయినా ఫోన్‌లో గూగుల్ షీట్స్ ఉచితం. ఒక వారం షీట్ మీరే తయారుచేసి ఇంటర్వ్యూకి వెంట తీసుకెళ్లండి. పైన చెప్పిన 51 గంటలకు, 80 రూపాయల లెక్కన, మీ షీట్‌లో 4,320 రావాలి.