వెబ్‌సైట్‌కూ ఉన్నాయి పరీక్షలు!

ప్రియమైన తమ్ముళ్లకు,

పరీక్షలంటే హాస్టల్ విద్యార్థులకు కొత్త కాదు. యూనిట్ టెస్టు, క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ, చివరకు పబ్లిక్. వెబ్‌సైట్లకూ ఇలాంటి పరీక్షలే ఉంటాయి. అవి పెట్టకపోతే ఏమవుతుందో మేము అనుభవంతో తెలుసుకున్నాం.

పూర్వ విద్యార్థులం కొందరం కలిసి, పరీక్ష ఫీజు సాయానికి మీరు దరఖాస్తు చేసుకునేలా చిన్న వెబ్‌సైట్ తయారు చేశాం. ఒకసారి పుట్టిన తేదీ గడిలో కొంత మార్పు చేశాం. పేజీ తెరుచుకుంది కదా, బాగానే ఉందనుకున్నాం. కానీ సబ్మిట్ నొక్కితే తెరమీద 'ధన్యవాదాలు' అని వస్తోందే తప్ప దరఖాస్తు సేవ్ కావడం లేదు. ముగ్గురు తమ్ముళ్లు మా మీద నమ్మకంతో ఊరుకున్నారు. ఒకతను ఫోన్ చేసేసరికి గడువు ఒక్కరోజే ఉంది. అతనికి వెంటనే డబ్బు పంపాం. మిగతా ఇద్దరూ ఆలస్య రుసుముతో కట్టాల్సి వచ్చింది. తప్పు పూర్తిగా మాదే.

అప్పుడే సెలీనియం నేర్చుకున్నాం. 2004లో షికాగోలోని థాట్‌వర్క్స్ సంస్థలో జేసన్ హగిన్స్ దీన్ని ప్రారంభించారు. ఇది ఉచితం. మనిషి చేసినట్టే బ్రౌజర్‌ను తెరిచి, టైపు చేసి, బటన్లు నొక్కుతుంది. జావా, పైథాన్ వంటి భాషల్లో రాయవచ్చు.

మొదలుపెట్టే విధానం:

1. కంప్యూటర్‌లో పైథాన్, క్రోమ్ ఉండాలి. కమాండ్ విండోలో 'పిప్ ఇన్‌స్టాల్ సెలీనియం' అని ఇంగ్లిషులో టైపు చేయాలి.
2. బ్రౌజర్‌ను నడిపే డ్రైవర్‌ను పూర్వం విడిగా తెచ్చుకోవాల్సి వచ్చేది. 2022లో వచ్చిన 4.6 వెర్షన్ నుండి సెలీనియమే దాన్ని తెచ్చుకుంటుంది.
3. ప్రోగ్రాంలో పేజీ తెరవాలి. ప్రతి గడినీ దాని ఐడీతో వెతికి నింపాలి. సబ్మిట్ నొక్కాలి.
4. చివరగా ఫలితం సరిచూడాలి. దీన్నే 'అసర్ట్' అంటారు.

నాలుగోదే ముఖ్యం. 'ధన్యవాదాలు' వచ్చిందా అని చూస్తే చాలదు. దరఖాస్తుల జాబితా తెరిచి, ఆ పేరు అందులో ఉందో లేదో చూడాలి. మేము చూడనిది అదే.

మరికొన్ని జాగ్రత్తలు: నెట్ నెమ్మదిగా ఉంటుందని ప్రతిచోటా 10 సెకన్లు ఆగమని రాయకండి. బటన్ కనబడేవరకు, గరిష్ఠంగా 10 సెకన్లు ఆగమని రాయండి. 2 సెకన్లలో కనబడితే పని వెంటనే ముందుకు సాగుతుంది. అసలు దరఖాస్తులున్న డేటాబేస్‌పై పరీక్షలు చేయకండి, వేరే నకలు పెట్టుకోండి. ఒక టెస్టు మరో టెస్టుపై ఆధారపడకూడదు. తెర లేని సర్వర్‌పై నడపాలంటే 'హెడ్‌లెస్' పద్ధతి వాడాలి.

ఇప్పుడు చిన్న అక్షరం మార్చినా ముందు టెస్టులన్నీ నడుపుతున్నాం. ఒక్కటి ఫెయిలైనా మార్పును సైట్‌లో పెట్టడం లేదు. అయితే ఫారంలోని ప్రశ్న మీకు అర్థమైందో లేదో యంత్రం చెప్పలేదు. అది మీరే మాకు చెప్పాలి.

వార్షికోత్సవం రోజున కలవండి, పక్కన కూర్చొని చేసి చూపిస్తాం. మా తప్పు మీకు పాఠమైతే అంతకన్నా మాకు కావలసింది లేదు.

మీ అన్నయ్యలు