గిలాదు గుగ్గిలము

చదువవలసిన భాగములు: యిర్మీయా 8:18-22, 9:17-21, యోహాను 11:32-36



తన జనుల గాయము మానకుండుట చూచి యిర్మీయా గిలాదు గుగ్గిలమును గూర్చి ఒక ప్రశ్న వేసెను. ఆ అధ్యాయములో దానికి జవాబు లేదు. అనేక శతాబ్దముల తరువాత అమెరికా దక్షిణ రాష్ట్రములలో కొరడా దెబ్బలు తినిన నల్లజాతి బానిసలు జవాబు చెప్పిరి. గుగ్గిలము ఉన్నదని వారు పాడిరి. 1865లో బానిసత్వము రద్దయినను వారి కష్టము తీరలేదు. ఆ కష్టములోనుండియే బ్లూస్ అను శోకపు పాటలును, గాస్పెల్ అను సంఘ గీతములును పుట్టెను. వారిలో అనేకులు పత్తి చేలలో పనిచేసినవారే. పత్తి తీసి, మిరపకాయలు కోసి బ్రదుకు మన చీరాల ప్రాంతపు వారికి ఆ పాటల భారము పరాయిది కాదు.

ఇట్టి పాటలను 1992లో డయమండా గాలాస్ అను గ్రీకు సంతతి అమెరికా గాయని 'ది సింగర్' అను ఆల్బముగా వెలువరించెను. గిలాదు పాటయు, ప్రభువు సిలువను గూర్చిన పాటయు అందులో ఉన్నవి. ఆమె స్వరము ఒకచోట మూలుగును, ఒకచోట గొంతు చించుకొని కేకవేయును. వినువారికి భయము కలుగును. ఆమె సహోదరుడు 1986లో ఎయిడ్స్ వ్యాధిచే మరణించెను. ఆ రోగులను పాపులని త్రోసివేసిన మతపెద్దలను ఆమె తీవ్రముగా ఖండించెను. ఆమె మాటలన్నిటితో మనము ఏకీభవింపనక్కరలేదు. ఆ కేకను మాత్రము వినవలెను.

మన పల్లెలలో చావు ఇంట స్త్రీలు రాగము తీసి ఏడ్చుదురు. విశ్వాసులకు ఇది తగదని కొందరు పెద్దలు గద్దించుదురు. అయితే ఏడ్పు నేర్చిన స్త్రీలను పిలిపించుమని యిర్మీయా ద్వారా చెప్పినవాడు దేవుడే. లాజరు సమాధికి వెళ్లుచు ప్రభువే కన్నీరు విడిచెను. నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దని పౌలు వ్రాసెనుగాని, దుఃఖమే వద్దనలేదు.

ఎయిడ్స్‌తో మరణించినవాని ఇంట ఈ ఏడ్పు సహా వినబడకుండుట కలదు. బంధువులు గడప దాటరు. ఆరాధనలో ఆ కుటుంబము ప్రక్కన చాప ఖాళీగా ఉండును. ప్రక్కన కూర్చున్నందున, కలిసి భుజించినందున, ప్రభు భోజనపు గిన్నె పంచుకొన్నందున ఈ వ్యాధి అంటదు. 2004 నుండి మన దేశములో ప్రభుత్వము దీనికి మందులు ఉచితముగా ఇచ్చుచున్నది. వాటిని క్రమముగా వాడువారు దీర్ఘకాలము జీవించుచున్నారు. కాబట్టి నేడు వైద్యుడున్నాడు, మందున్నది. రోగి ప్రక్కన కూర్చుండు మనుష్యుడు ఉన్నాడా? యిర్మీయా ప్రశ్న ఇప్పుడు మన సంఘమునకే వచ్చినది.

ఆలోచించుటకు:

1. మన పాటలలో దుఃఖపడువారికి చోటున్నదా?

2. ఈ నెలలో మనము ఎవరి గడప దాటవలసియున్నది?