గటక గడప అయిన రోజు



బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇంట్లో మొదలయ్యే లెక్క మీ అందరికీ తెలుసు. ఏది వెంట తీసుకెళ్లాలి, ఏది ఎవరికైనా ఇచ్చేయాలి, ఏది ఇక్కడే వదిలేయాలి? మంచం పడుతుందా, సైకిలు పడుతుందా? తెలుగు ఉపాధ్యాయులుగా మేము కూడా కొన్నేళ్లకోసారి పెట్టెలు కట్టుకునేవాళ్లమే కనుక ఈ లెక్క మాకూ అలవాటే. ఈ వ్యాసంలో చేయబోయేది కూడా అలాంటి లెక్కే. ఈ ఏడాది మన తెలుగు తరగతిలో కొన్ని డిజిటల్ సాధనాలు వాడి చూశాం. వాటిలో ఏవి మీకు నిజంగా తెలుగు నేర్పాయి, ఏవి నేర్పినట్టు కనిపించాయి, ఏవి మీ వెంట తర్వాతి ఊరికి వస్తాయి అన్నది చెప్పుకుందాం.

పెన్‌డ్రైవులో పోయిన తెలుగు

ముందు మా కథ. ఢిల్లీకి వచ్చేటప్పుడు మా సామానులో ఒక పెన్‌డ్రైవు ఉంది. అంతకు ముందు పనిచేసిన ఊళ్లలో తయారుచేసుకున్న అభ్యాస పత్రాలన్నీ అందులోనే ఉన్నాయి. ఇక్కడి కంప్యూటరులో తెరిచి చూస్తే ఒక్క తెలుగు అక్షరం కూడా కనబడలేదు. ఇంగ్లీషు అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు, కామాలు కలిసి గందరగోళంగా ఉన్నాయి. ఏళ్ల కష్టం ఒక్క నిమిషంలో పోయిందనిపించింది.

ఎందుకలా జరిగింది? కంప్యూటరుకు అక్షరం తెలియదు, సంఖ్య మాత్రమే తెలుసు. మనం నొక్కే ప్రతి అక్షరానికీ అది ఒక సంఖ్యను దాచుకుంటుంది. పాతకాలపు తెలుగు ఫాంట్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలనే వాడుకుని, వాటి మీద తెలుగు బొమ్మలు అతికించేవి. ఆ ఫాంటు ఉన్న యంత్రంలో తెలుగు కనిపించేది, లేని యంత్రంలో అడుగునున్న ఇంగ్లీషు బయటపడేది. 1991లో మొదటి రూపం వెలువడిన యూనికోడ్ ఈ చిక్కును తీర్చింది. ప్రపంచంలోని లిపుల్లో ప్రతి అక్షరానికీ దానికే సొంతమైన సంఖ్య ఇచ్చింది. తెలుగుకు 128 గదులున్న ఒక వరుస దక్కింది. యూనికోడ్‌లో రాసిన తెలుగు ఏ ఊళ్లో, ఏ ఫోనులో తెరిచినా తెలుగుగానే కనిపిస్తుంది.

ఆ పత్రాలను మేము ఒక్కొక్కటిగా మళ్లీ టైపు చేసుకున్నాం. ఆ పని చేస్తున్నప్పుడే మాకు మొదటి ప్రశ్న తట్టింది: ఈ సాధనం బదిలీని తట్టుకుంటుందా?

చేతిలో ఏమున్నాయి?

ఢిల్లీలో తెలుగు చదువు కొత్తది కాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి చొరవతో 1948లో ఏర్పడిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ ఇక్కడ తెలుగు పిల్లల కోసం బడులు నడుపుతూ వస్తోంది. ఉద్యోగాల కోసం వచ్చిన కుటుంబాలకు అప్పుడూ ఇదే బెంగ ఉండేది, పిల్లలకు ఇంటి భాష అబ్బుతుందా అని. ఆనాడు పలకా పుస్తకమే ఆధారం. ఇప్పుడు వాటికి తోడు ఇంకొన్ని ఉన్నాయి.

జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి, అంటే మీ పుస్తకాల వెనుక కనిపించే ఎన్‌సీఈఆర్‌టీ, మన ఢిల్లీలోనే శ్రీ అరవింద మార్గ్‌లో ఉంది. అది 2015లో ఈ-పాఠశాలను తెచ్చింది. 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, దీక్ష వేదిక మొదలైంది. పుస్తకంలో నలుపు తెలుపు గళ్లతో ఉండే క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చూపిస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియో, అభ్యాసం తెరుచుకునేది దీని ద్వారానే. బడులు మూతపడిన 2020లో పీఎం ఈ-విద్య వచ్చి టీవీ చానళ్లను కూడా పాఠాలకు కలిపింది. మాలాంటి ఉపాధ్యాయుల శిక్షణ, నిష్ఠ పేరుతో, అదే ఏడాది ఆన్‌లైన్‌కు మారింది.

మీకు ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. సీబీఎస్ఈలో తొమ్మిది, పది తరగతులకు తెలుగు రెండు రకాలుగా ఉంది. 007 సంకేతం ఉన్నది ఆంధ్రప్రదేశ్ తెలుగు, 089 ఉన్నది తెలంగాణ తెలుగు. పాఠ్యపుస్తకాలు వేరు. బడి మారేటప్పుడు మీరు చదివిన సంకేతం ఏదో రాసి పెట్టుకోండి. కొత్త బడిలో మొదటి రోజు అడిగే ప్రశ్నల్లో ఇదొకటి.

మొదటి ప్రయత్నం: వీడియో

తెర మీద పద్యం పాడి వినిపించే వీడియో పెట్టాం. తరగతి నిశ్శబ్దమైంది. అందరూ తలలూపారు. మాకు సంతోషమేసింది. మర్నాడు అదే పద్యం చెప్పమంటే రెండో పాదం దగ్గర అందరూ ఆగిపోయారు. తప్పు వీడియోది కాదు, మేము వాడిన తీరుది. చూడటమే పని అయినప్పుడు నోటికి పని లేదు.

తర్వాతి వారం పద్ధతి మార్చాం. ఒక పాదం వినిపించి వీడియో ఆపేశాం. పిల్లలు ఆ పాదాన్ని అదే లయతో తిరిగి చెప్పారు. తర్వాత శబ్దం తీసేసి బొమ్మ మాత్రమే చూపించాం, పిల్లలే పాడారు. అయిదు నిమిషాల వీడియోకు పీరియడ్ మొత్తం పట్టింది. పద్యం మాత్రం నోటికొచ్చింది. అప్పుడు మా రెండో ప్రశ్న దొరికింది: ఈ సాధనం వాడేటప్పుడు పని ఎవరు చేస్తున్నారు, యంత్రమా, విద్యార్థా?

రెండో ప్రయత్నం: మాట చెబితే రాసిపెట్టే యంత్రం

మీలో చాలామంది తెలుగు చక్కగా మాట్లాడతారు. రాయమంటే మాత్రం చేయి ఆగిపోతుంది. ఇంట్లో అమ్మతో తెలుగు, బడిలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు, మధ్యలో ఒకటి రెండేళ్లు తెలుగు ఉపాధ్యాయులే లేని ఊరు. ఇది మీ తప్పు కాదు. అందుకే మాట్లాడితే తెలుగులో టైపు చేసే సౌకర్యం మాకు వరంలా కనిపించింది.

ఆరో తరగతిలో ఒక అమ్మాయి ఉంది. వాళ్లది తెలంగాణ. నాన్నగారి ఉద్యోగం వల్ల ఆమెకు ఇది నాలుగో బడి. సెలవుల గురించి చెప్పమంటే ఫోను పట్టుకుని గబగబా చెప్పింది. తెర మీద తప్పుల్లేని తెలుగు వరుసలు వచ్చాయి. అందులో ఒక వాక్యం: "మా అమ్మమ్మ గడప పెట్టింది. నాకు చాలా ఇష్టం."

కొత్త ఇల్లు కట్టేటప్పుడు మంచిరోజు చూసి గడప పెడతారు కదా, ఆ ముచ్చటే అనుకున్నాం. "గడప పెట్టిన సంగతి బాగుంది, ఇంకా వివరంగా రాయి" అని ఎర్ర సిరాతో రాసి, ఆ కాగితాన్ని గోడపత్రికలో కూడా అంటించాం.

తల్లిదండ్రుల సమావేశానికి వచ్చిన వాళ్లమ్మగారు దాన్ని ఫొటో తీసి ఊరికి పంపారు. అటునుంచి అమ్మమ్మగారి గొంతు వచ్చింది. నవ్వు ఆపుకోలేకపోతున్నారు: "నేనెప్పుడు గడప పెట్టిన బిడ్డా? నేను నీకు పెట్టింది గటక!"

గటక అంటే జొన్న రవ్వతోనో మక్క రవ్వతోనో వండే చిక్కటి తిండి. మజ్జిగ పోసుకుని తింటారు. ఆ అమ్మాయి గటక అనే చెప్పింది. యంత్రానికి ఆ మాట అలవాటు లేదేమో, దగ్గరగా వినిపించిన గడపను పెట్టేసింది. ఆ అమ్మాయికి చదవడం ఇంకా పూర్తిగా రాలేదు కనుక గమనించలేదు. చదవడం వచ్చిన మేము అమ్మాయిని అడగకుండానే మెచ్చుకున్నాం. వాక్యంలో అక్షరదోషం ఒక్కటి కూడా లేదు. పోయింది మాత్రం ఆమె ఇంటి మాట.

ఆ రోజు మేము తరగతి ముందు తప్పు ఒప్పుకున్నాం. శ్రీకాకుళం మాట, రాయలసీమ మాట, తెలంగాణ మాట, ఏదైనా యంత్రానికి తెలియకపోతే అది మాట తప్పు కాదు. యంత్రం ఎక్కువగా విన్న మాటలనే ఎక్కువగా రాస్తుంది. మీ ఇంటి మాటకు మీరే సాక్షి. సాక్షికి చదవడం రాకపోతే, కాగితం మీద ఎవరేం రాసినా అదే నిజమైపోతుంది.

అప్పటి నుంచి తరగతిలో ఒక నియమం పెట్టుకున్నాం. యంత్రం రాసినదాన్ని చెప్పినవారే పైకి చదవాలి. చదివాక, తమ చేత్తో నోటుపుస్తకంలో రాయాలి. ఆ తర్వాతే గోడపత్రిక.

మూడో ప్రయత్నం: మీట నొక్కి రాయడం

గటక అన్న మాటను ఆ అమ్మాయి కంప్యూటరు గదిలో తానే టైపు చేసింది. మూడు మీటలు: గ, ట, క. ఆమె వాడింది ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక. భారతీయ భాషల కోసం మన దేశం ప్రమాణంగా పెట్టుకున్న అమరిక ఇది. చాలా కంప్యూటర్లలో భాషల జాబితాలో తెలుగును ఎంచుకుంటే ఇది వస్తుంది.

ఊళ్లు మారే మీకు ఇందులో ఒక గొప్ప లాభం ఉంది. అచ్చులూ గుణింతపు గుర్తులూ దాదాపుగా ఎడమ చేతి వైపు, హల్లులు కుడి చేతి వైపు ఉంటాయి. ఇంగ్లీషు కె ఉన్న మీట నొక్కితే తెలుగులో క వస్తుంది. హిందీకి మార్చి అదే మీట నొక్కితే హిందీ క వస్తుంది. పంజాబీలో, ఒడియాలో, మలయాళంలో కూడా అంతే. షిఫ్ట్‌తో కలిపి నొక్కితే ఖ. ఢిల్లీలో హిందీ టైపు నేర్చుకున్న వేళ్లకు తెలుగు సగం వచ్చేసినట్టే. రేపు భువనేశ్వర్‌కు వెళ్లినా ఆ వేళ్లు పనికొస్తాయి.

యూనికోడ్ సంఖ్యల్లోనూ ఈ చుట్టరికం కనిపిస్తుంది. హిందీ, పంజాబీ, ఒడియా, తెలుగు, మలయాళం, ఈ అయిదింటిలో క అక్షరపు సంకేతం చివర 15 ఉంటుంది. బెంగాలీ, గుజరాతీ, తమిళం, కన్నడంలో చివర 95 ఉంటుంది. లిపి మారినా వరుస మారలేదు.

ఇంకో లాభం రాతలో ఉంది. హిందీ అలవాటున్నవారు కర్మ అని రాయబోయి క్రమ అని రాస్తుంటారు. హిందీలో ఆ ర మ నెత్తిన కొక్కెంలా కూర్చుంటుంది, తెలుగులో ర నిండుగా నిలబడి మ కిందికి వత్తుగా దిగుతుంది. కన్ను తికమకపడటం సహజం. మీటల దగ్గర కన్ను మోసపోదు, ఎందుకంటే అక్కడ పలికిన వరుసలోనే నొక్కాలి.

కర్మ: క, ర, పొల్లు, మ.
క్రమ: క, పొల్లు, ర, మ.

రెండింటికీ అవే నాలుగు మీటలు. పొల్లు చోటు మారితే మాటే మారిపోయింది. ఏ శబ్దం ముందు, ఏది తర్వాత అని చెవి తేల్చుకుంటే తప్ప వేలు కదలదు. శక్తి అనే మాటకు అయిదు మీటలు: శ, క, పొల్లు, త, గుడి. ఇలా కొన్ని వారాలు చేశాక నోటుపుస్తకాల్లో కూడా వత్తుల తప్పులు తగ్గడం చూశాం.

ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగులోకి మార్చుకునే పద్ధతి కూడా ఉంది, తొందరలో పనికొస్తుంది. అక్కడ ల కావాలా ళ కావాలా, న కావాలా ణ కావాలా అన్నది మీరే చూసి ఎంచుకోవాలి. చదవడం వచ్చినవారికే అది సాయపడుతుంది.

మూడు ప్రశ్నలు

మా రెండు ప్రశ్నలకు మూడోదాన్ని మీరే కలిపారు. 2024 నవంబరులో కాలుష్యం వల్ల ఢిల్లీ చుట్టుపక్కల తరగతులు ఆన్‌లైన్‌కు మారినప్పుడు ఒక అబ్బాయి అన్నాడు: "సార్, మా ఇంట్లో ఫోను నాన్నగారితో పాటు రాత్రి ఎనిమిదింటికి వస్తుంది." అప్పటి నుంచి ఫోను అవసరమైన ఇంటిపనికి మర్నాటి గడువు పెట్టడం మానేశాం.

కాబట్టి ఏ కొత్త సాధనం చూసినా ఈ మూడూ అడగండి.

1. పని చేస్తున్నది నేనా, యంత్రమా?
2. ఊరు మారినా ఇది నాతో వస్తుందా?
3. తరగతిలో అందరికీ ఇది అందుతుందా?

మీరూ చేసి చూడండి

1. మీ అమ్మమ్మనో తాతయ్యనో అడిగి, వాళ్లు ఒప్పుకుంటే, వాళ్ల ఊరి మాటలు అయిదు రికార్డు చేయండి. ఒక్కో మాటను విని, ముందు చేత్తో రాయండి, తర్వాత టైపు చేయండి.
2. అవే మాటలను యంత్రానికి చెప్పి చూడండి. ఏవి సరిగా రాసింది, ఏవి మార్చింది? రెండు వరుసల పట్టిక వేయండి.
3. ధర్మ, ద్రవం, మార్గం, గ్రామం: వీటికి నొక్కాల్సిన మీటలను వరుసగా రాయండి. పొల్లు ఎక్కడొచ్చిందో గుర్తించండి.

ఆ గోడపత్రిక కాగితాన్ని మేము తీసేయలేదు. గడప అన్న మాట మీద ఒక గీత గీసి, పక్కన ఆ అమ్మాయే తన చేత్తో గటక అని రాసింది. క తలకట్టు కాస్త వంకరగా ఉంది. వచ్చే ఏడు ఆమె ఏ ఊళ్లో ఉంటుందో ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు. ఆ మూడు అక్షరాలు మాత్రం ఆమెతోనే వెళ్తాయి.