గాజు సీసా పగలకుండా చేరాలంటే: అట్టతో మడత ప్యాడ్లు

ఈ పాఠం పైన ఉన్న వీడియోతో కలిపి చదవండి. మడతలు పెట్టే పని చేతుల్లో చూస్తే తొందరగా అర్థమవుతుంది. ఎందుకు అలా మడవాలో మాత్రం రాస్తేనే బాగుంటుంది.

మన గుంటూరు, ప్రకాశం వైపు సరుకు పంపడం అంటే మనకి తెలిసింది టిక్కీ. మిర్చి టిక్కీని లారీ మీద నుంచి దబ్బున పడేసినా, దాని మీద ఇంకో పది ఎక్కించినా లోపల కాయకి పెద్దగా ఏమీ కాదు. పత్తి బోరెం కూడా అంతే. అందుకే పచ్చడో, గానుగ నూనో, తేనో గాజు సీసాలో పెట్టి హైదరాబాద్‌కి, బెంగళూరుకి పంపేటప్పుడు కూడా మన చెయ్యి టిక్కీ కట్టినట్టే కడుతుంది. పెట్టె గట్టిగా ఉండి, నాలుగు చుట్లు టేపు వేస్తే చాలనుకుంటాం. టేపు పెట్టెని కాపాడుతుంది, సీసాని కాదు.

ఒక సీసా పగిలితే పోయేది అదొక్కటే కాదు. నూనె కారి మిగతా లేబుళ్ళన్నీ పాడవుతాయి, అట్ట మెత్తబడుతుంది, గాజు పెంకులు పడిన పెట్టెలోది ఎవరూ తినరు. డబ్బు వెనక్కి ఇవ్వాలి, రవాణా ఖర్చు మనదే. కొరియర్ వాళ్ళని అడిగితే "ప్యాకింగ్ సరిగ్గా లేదండీ" అంటారు. మందులు కొట్టకుండా కష్టపడి పండించి, యార్డు రేటు కన్నా నాలుగు రూపాయలు ఎక్కువ వస్తుందని నేరుగా అమ్ముకుంటే, ఆ నాలుగు రూపాయలూ దారిలోనే పోతాయి.

ఇప్పుడు అసలు విషయం. సీసాని పగలగొట్టేది పడటం కాదు, ఒక్కసారిగా ఆగిపోవడం. పెట్టె 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి, అంటే మనిషి నడుము కంటే కాస్త కింద నుంచి పడిందనుకోండి. లోపల సీసా 2 మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోతే దాని మీద పడే బలం దాని బరువుకి సగటున 375 రెట్లు. అదే 2 సెంటీమీటర్లు మెల్లగా నలుగుతూ ఆగితే సుమారు 37 రెట్లు. 750ని 2తో, 20తో భాగించి చూడండి, లెక్క అంతే. మెత్త అనేది నలగడానికే ఉంది. నలగని మెత్త మెత్త కాదు.

అట్ట ఈ పనికే పుట్టింది కూడా. 1871లో న్యూయార్క్‌లో ఆల్బర్ట్ జోన్స్ అనే ఆయన ముడతల కాగితానికి పేటెంట్ తీసుకున్నాడు. అది పెట్టెలు చెయ్యడానికి కాదు, సీసాలకి, లాంతరు చిమ్నీలకి చుట్టడానికి. పెట్టెలు తర్వాత వచ్చాయి. ఒక పక్క ముడతలు బయటికి కనిపించే రోల్ ఇప్పటికీ దొరుకుతుంది. ప్రతి సీసాకి అది రెండు చుట్లు చుట్టండి.

అట్టని అంచు నుంచి చూస్తే లోపల అలల్లాంటి గొట్టాలు కనిపిస్తాయి. ఆ గొట్టాలు ఎటు పోతున్నాయో చూడకుండా కత్తి పెట్టొద్దు. గొట్టాల వెంబడి మడిస్తే సులువుగా వంగుతుంది, ప్యాడ్ మెత్తగా వస్తుంది. గొట్టాలకి అడ్డంగా మడిస్తే కష్టం, కానీ మడతల మధ్య గొట్టాలు స్తంభాల్లా నిలబడతాయి, ప్యాడ్ గట్టిగా వస్తుంది. పావుకిలో తేనె సీసాకి మొదటిది చాలు. లీటరు నూనె సీసా కిందకి రెండోది కావాలి.

చేసే పద్ధతి చెబుతాను. త్రీ ప్లై అట్టని 12 సెంటీమీటర్ల వెడల్పు పట్టీగా కోయండి. ప్రతి 6 సెంటీమీటర్లకి స్కేలు పెట్టి చాకు వెనక వైపుతో గీత నొక్కండి, తెగకూడదు. ఒకసారి ఇటు, ఒకసారి అటు, విసనకర్రలా మడవండి. మడతలు కొంచెం వాలి నిలబడితే 5 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది. ఇలాగే వదిలేస్తే బరువు పడగానే చాప పరిచినట్టు విచ్చుకుపోతుంది. అందుకని పైనా కిందా ఒక్కో చదును అట్టముక్క మైదా జిగురుతో అంటించి, బాగా ఆరనివ్వండి. బొటనవేలితో నొక్కితే అణిగిపోతే పల్చన, రాయిలా ఉంటే మరీ గట్టి. ఒకసారి నలిగిన ప్యాడ్ మళ్ళీ పూర్తిగా లేవదు, రెండో ప్రయాణానికి వాడొద్దు.

పెట్టె గోడకీ సీసాకీ మధ్య అన్ని వైపులా 5 సెంటీమీటర్లు, సీసాకీ సీసాకీ మధ్య 2.5 ఉంచండి, మధ్యలో అట్టతో గడులు పెట్టండి. 8.5 సెంటీమీటర్ల మందం, 13 ఎత్తు ఉన్న సీసాలు నాలుగు పెడితే లోపల 29.5 × 29.5 × 23 కావాలి. ఫైవ్ ప్లై పెట్టె బయట కొలత సుమారు 31 × 31 × 25. చాలా కొరియర్లు ఈ మూడూ గుణించి 5000తో భాగిస్తాయి, అంటే 4.8 కిలోలు. సరుకు అంతకన్నా తేలికగా ఉన్నా ఛార్జీ దానికే. ధర పెట్టేటప్పుడు ఇది కలుపుకోండి. పెట్టె చిన్నది చేసి మిగుల్చుకుందాం అనుకుంటే మాత్రం ఆ మిగులు గాజుపెంకుల్లో కనిపిస్తుంది.

"మనకి పత్తి ఉంది కదా, అది కుక్కితే పోలా?" అని అడుగుతుంటారు. పత్తి బరువుకి అణిగిపోతుంది, మళ్ళీ లేవదు, దారిలో సీసా కిందికి దిగిపోతుంది. వరిగడ్డి మామిడికాయలకి బాగానే ఉంటుంది గానీ చెమ్మ, పురుగు వెంట వస్తాయి. పిల్లలకి ఆస్ట్రేలియా పంపే పెట్టెలో అసలు పెట్టకండి, అక్కడ గడ్డి ప్యాకింగ్ రానివ్వరు.

పాత అట్టపెట్టెలు కిరాణా కొట్లో అడిగితే ఇస్తారు, ప్యాడ్లకి అవి చాలు. బయటి పెట్టె మాత్రం కొత్తది కొనండి. పురుగుమందుల కొట్టు ముందు పడేసిన పెట్టె మాత్రం ఎంత బాగున్నా, ఉచితంగా ఇచ్చినా ముట్టుకోవద్దు. లోపల ఏ డబ్బా కారిందో మనకి తెలీదు. పైగా ప్రకృతి వ్యవసాయం అని చెప్పి పంపిన పచ్చడి కింద మందు కంపెనీ బొమ్మ కనిపిస్తే కొన్నవాళ్ళు ఏమనుకుంటారు?

చెమ్మ తగిలితే అట్ట బలం సగానికి సగం పోయినట్టే. తుపాన్ల కాలంలో, కార్తీకంలో అట్టలు గచ్చు మీద పెట్టకుండా చెక్కల మీద పెట్టుకోండి.

కొత్త కొలత పెట్టె ఏది చేసినా పంపే ముందు పరీక్ష చెయ్యండి. సీసాల్లో నూనె బదులు నీళ్ళు పోసి, మూత బిగించి, మామూలుగా ప్యాక్ చెయ్యండి. ఊపితే లోపల చప్పుడు రాకూడదు. తర్వాత 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గచ్చు మీదికి 10 సార్లు వదలండి: ఒక మూల మీద ఒకసారి, ఆ మూల నుంచి పోయే మూడు అంచుల మీద, ఆపైన ఆరు ముఖాల మీద. పది కిలోల లోపు పెట్టెలకి ప్యాకింగ్ పరీక్షశాలల్లో చేసేదీ ఇదే. "గాజు, జాగ్రత్త" స్టిక్కర్ అంటించండి, కానీ దాన్ని ఎవరో చదువుతారని నమ్మి ఒక్క ప్యాడ్ కూడా తగ్గించొద్దు.

పెట్టెలో ఒక చీటీ వెయ్యండి: టేపు పీకేసి, రంగు అచ్చు లేని అట్టని తడిపి, ముక్కలు చేసి కుండీల్లో మొక్కల మొదట పరుచుకోమని. వెనక్కి వచ్చిన నలిగిన ప్యాడ్లు మనమూ కూరగాయల మడుల్లో ఆచ్ఛాదనగా అలాగే వేసుకోవచ్చు. మైదా జిగురే కాబట్టి దాన్ని గీకక్కర్లేదు.